ప్రామాణిక పాదం

మాది కొలతల కార్యాలయం. జిల్లాలో ఏ అంగట్లో కిలో ఎంత తూగుతుందో, ఏ పెట్రోలు బంకులో లీటరు ఎంత కారుతుందో చూసి, సరిగ్గా ఉంటే ముద్ర వేయడం, లేకుంటే తిరస్కరించడం మా పని. నేను అక్కడ జూనియర్ అసిస్టెంటుని. పెద్దవాళ్లు మాట్లాడినది రాయడం, రాసినది కుట్టడం, కుట్టినది అడిగినప్పుడు వెతికి ఇవ్వడం నా పని. మాట్లాడే అవసరం పెద్దగా రాదు. అందువల్ల చూడటానికి చాలా సమయం దొరుకుతుంది.

ఈ సంగతంతా ఒక సర్క్యులరుతో మొదలైంది. పై కార్యాలయంలో ఒక పెద్దాయన రోజూ పొద్దున్నే నడిచి మూడు నెలల్లో మూడు కిలోలు తగ్గారట. మూడు కిలోలు తగ్గడమంటే మా శాఖలో మామూలుగా జరిమానా పడే విషయం. ఆయన విషయంలో మాత్రం అది ఆదర్శమైంది. ఇకమీదట ఏ కార్యాలయ సిబ్బంది విహారయాత్రకు వెళ్లినా బస్సులో కూర్చుని కొండలు చూసి రాకూడదని, నడవాలని, అందుకు “సుఖకరమైనవియు, సరసమైన ధరకు లభించునవియు అగు నడక బూట్లను” కార్యాలయమే ఎంపిక చేసి సిబ్బందికి ఇవ్వాలని సర్క్యులరు వచ్చింది. ప్రతి జతకూ అడుగులు లెక్కపెట్టే గుండీ ఒకటి బిగించి సీలు వేయాలి. విహారస్థలంలో ప్రతి జత కనీసం రెండు వేల అడుగులు నడిచి ఉండాలి. లేకుంటే సంజాయిషీ.

మా కార్యాలయం నాలుగేళ్లకొకసారి యాత్రకు వెళుతుంది. ఈసారి నీలగిరి కొండలనుకున్నారు. మొత్తం పన్నెండు మందిమి. ఆ పన్నెండు మందిలో యాత్ర కోసం నిజంగా ఎదురుచూసినది మా అటెండరు ఓబులమ్మ ఒక్కతే. ఆమె ముప్పై ఒక్క ఏళ్లుగా మాకు రెండు పూటలా టీ కాచి ఇస్తోంది. జూన్ నెలాఖరుకు రిటైరవుతుంది.

“పాపా, టీ ఆకు చెట్టుకు కాస్తాదా, తీగకు కాస్తాదా?” అని ఒకరోజు నన్ను అడిగింది.

“పొద అని పుస్తకంలో ఉంది పెద్దమ్మా.”

“పొదంటే తంగేడు మాదిరా, కలేకాయల చెట్టు మాదిరా?”

నాకు తెలియదు. మా ఊరి బడిలో టీ తోటలంటే పటంలో దక్షిణాన నాలుగు ఆకుపచ్చ చుక్కలు. అదే చెప్పాను.

“ముప్పై ఒక్కేండ్లు కాసినా. దాని మొగం చూడకుండానే రిటైరయిపోతే ఎట్లుంటాది చెప్పు. ఒక్క తూరి చూడల్ల పాపా. ఆ కొండ మీద ఉంటాదంట కదా.”

ఆ ఒక్క కోరిక తప్ప ఆమె కార్యాలయాన్ని ఏనాడూ ఏమీ అడిగినట్టు రికార్డుల్లో లేదు. రికార్డులు నా దగ్గరే ఉంటాయి కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

బూట్ల ఎంపికకు ఒక ఉపసంఘం వేశారు. అధ్యక్షులు మా అధికారి పరాంకుశం గారు. ఆయన చాలా నిజాయితీపరుడు. వర్తకుల దగ్గర గుక్కెడు నీళ్లు కూడా తాగరు. కొలవలేనిదేదీ ఆయన దృష్టిలో ఉన్నట్టు కాదు. సభ్యులు సూపరింటెండెంట్ ఖాదర్‌వలీ గారు. రాసేది నేను. బజారు నుంచి ఏడు నమూనా జతలు తెప్పించి, సమావేశపు గదిలో బల్ల మీద వరసగా పెట్టాం.

అక్కడ మొదటి చిక్కు వచ్చింది. ఆ గదిలో కొత్తగా తివాచీ పరిచారు. తలుపు మీద “పాదరక్షలతో ప్రవేశము లేదు” అని బోర్డుంది. దాని మీద సంతకం పరాంకుశం గారిదే.

“సార్, ఇవి లోపలికి రావచ్చునా?” అని ఖాదర్‌వలీ గారు సందేహం వెలిబుచ్చారు.

పరాంకుశం గారు ఆలోచించి చెప్పారు. “కాలికి లేనంతవరకు అది పాదరక్ష కాదు, నమూనా. నమూనాకు ప్రవేశం ఉంది. కాలికి తొడిగిన మరుక్షణం అది పాదరక్ష అవుతుంది. అప్పుడు బయటికి పంపించవలసి ఉంటుంది.”

“మరి సుఖం ఎట్లా చూసేది సార్?”

“తొడిగి చూడాలి. కాని కాళ్లకు తొడగరాదు.”

ఇద్దరూ కాసేపు ఆ ఏడు జతల వంక చూశారు. తర్వాత ఖాదర్‌వలీ గారు చొక్కా చేతులు మడిచి, మూడో నమూనాలో రెండు చేతులూ దూర్చి, బల్ల మీద నీళ్ల జగ్గు దగ్గర నుంచి పూలకుండీ దాకా నడిచారు. అక్కడ తిరిగి మళ్లీ జగ్గు దాకా వచ్చారు.

“ఎలా ఉంది?”

“మడమ దగ్గర… అంటే మణికట్టు దగ్గర, రోంత ఒరుసుకుంటాంది సార్.”

“రాయమ్మా నాగవేణీ,” అన్నారు పరాంకుశం గారు. “మణికట్టు వద్ద ఒరిపిడి.” నేను రాశాను.

ఐదో నమూనా పూలకుండీ దాకా వెళ్లి వస్తుండగా ఓబులమ్మ టీ తీసుకుని వచ్చింది. చెప్పులు తలుపు బయట విడిచి, పళ్లెం పట్టుకుని కాసేపు నిలబడి చూసింది.

“సారూ, అవి కాళ్లకు కదా?”

ఖాదర్‌వలీ గారి చేతులు జగ్గుకు జానెడు దూరంలో ఆగాయి.

“అంగట్లో తొడుక్కోని నాలుగడుగులు వేసి చూస్తే తెలిసిపోతాది కదా సారూ.”

“నీకు తెలుస్తుంది ఓబులమ్మా,” అన్నారు పరాంకుశం గారు చాలా ఓపికగా. “ఫైలుకు ఎలా తెలుస్తుంది?”

ఆ మాటంటూ ఆయన తల వంచారు. తివాచీ మీద ఓబులమ్మ పాదాలు కనిపించాయి. చెప్పుల్లేని పాదాలు. బోర్డుకు ఏ విధంగానూ విరుద్ధం కాని పాదాలు. ఆయన ముఖం ఒక్కసారిగా తేటపడింది.

“ఇత్తడి స్కేలు తెప్పించండి,” అన్నారు.

కాగితం పరిచి, ఓబులమ్మను దాని మీద నిలబెట్టి, ఖాదర్‌వలీ గారు మోకాళ్ల మీద కూర్చుని కొలిచారు. మడమ నుంచి బొటనవేలి కొస దాకా రెండు వందల నలభై మిల్లీమీటర్లు. మళ్లీ కొలిచారు. రెండు వందల నలభై. ఎడమదీ అంతే. వెంట్రుకవాసి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

పరాంకుశం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఇరవై రెండేళ్ల సర్వీసులో ఈ జిల్లాలో ఏ కొలతా తేడా లేకుండా నేను చూడలేదు. ఇదొక్కటే.”

“పొద్దన్నే కొలిస్తే అట్లనే ఉంటాది సారూ,” అంది ఓబులమ్మ. “సాయంత్రానికి కాలు పొంగుతాది. మా మొగాయన యెప్పుడూ చెప్పులు సాయంత్రమే కొనేటోడు.”

“ప్రమాణానికి సాయంత్రం ఉండదు,” అన్నారు పరాంకుశం గారు.

నేను ఆయన మాట రాసుకున్నాను. ఆమె మాట కూడా రాసుకున్నాను, పక్క కాగితం మీద.

వారం తిరగకుండా ఉత్తర్వు తయారైంది. “శ్రీమతి ఓబులమ్మ, అటెండరు, వారి పాదములు రెండును ఇందుమూలముగా జిల్లా ప్రామాణిక పాదముగా ప్రకటించడమైనది.” మా దగ్గర ప్రామాణిక తూకపు రాళ్లు ఉంటాయి. వాటితో పోల్చి మిగతా రాళ్లన్నీ సరిచూస్తాం. వాటిని మఖమలు పరిచిన టేకు పెట్టెలో, తాళం వేసిన గదిలో ఉంచుతాం. దుమ్ము తగలకూడదు, తడి తగలకూడదు, ఉత్త చేతుల్తో తాకకూడదు. ప్రామాణిక పాదానికి మాత్రం వేరే నియమాలు ఎందుకుంటాయి?

వడ్రంగిని పిలిపించి రెండు గుంటలున్న టేకు పెట్టె చేయించారు. లోపల ఎర్రటి మఖమలు. పొద్దున పదిన్నరకు ఓబులమ్మ వచ్చి, ప్రమాణాల గదిలో కుర్చీలో కూర్చుని, పాదాలు పెట్టెలో పెట్టుకునేది. ఖాదర్‌వలీ గారు తెల్ల చేతితొడుగులు వేసుకుని మెత్తటి గుడ్డతో వాటిని తుడిచేవారు. కుడి చీలమండకు తీగతో సీసపు సీలు కట్టారు. ఐదు గంటలకు నేను గేటు పాసు రాసేదాన్ని. “ప్రామాణిక పాదములు రెండు, రాత్రి భద్రత నిమిత్తము ధారకురాలి ఇంటికి.” పొద్దున వాచ్‌మన్ ఆ పాసు చూసి, పాదాలు చూసి, రెండూ సరిపోయాయని టిక్కు పెట్టేవాడు.

టీ ఆగిపోయింది. ప్రమాణం నడవకూడదు కదా. ఎవరికి టీ కావాలన్నా రోడ్డు దాటి కొట్టుకు వెళ్లి తాగాల్సిందే. కార్యాలయం మొత్తం రోజుకు రెండుసార్లు నడవసాగింది. సర్క్యులరు ఉద్దేశం ఆ విధంగా కొంత నెరవేరింది.

“ఎట్లుంది పెద్దమ్మా?” అని మధ్యాహ్నం ఆ గదిలోకి తొంగిచూసి అడిగాను.

“కాళ్లు పెట్టెలో పెట్టుకోని కూర్చుంటే జీతమిస్తాండారు. మాట్లాడేదేముంది పాపా. గోకుడు పుడితే మాత్రం చెయ్యి తొడుగుల కోసం సూపర్‌డెంటు సారును పిలవల్ల. అదొకటే కష్టం.”

ప్రమాణం దొరికాక బూట్ల ఎంపిక చకచకా సాగింది. రెండు వందల నలభై మిల్లీమీటర్ల బూట్లు పదకొండు జతలు కొనాలని తీర్మానించారు. పన్నెండోది ఎందుకు వద్దంటే, ఓబులమ్మ పాదం పెట్టెలో ఉంటుంది కాబట్టి దానికి బూటు అవసరం లేదు.

ఖాదర్‌వలీ గారు లేచి నిలబడ్డారు. “సార్, నా పాదం రెండు వందల డెబ్బై రెండు సార్.”

“జిల్లాకు రెండు కిలోలుంటాయా ఖాదర్‌వలీ గారూ? ఒకే కిలో. అలాగే ఒకే పాదం.”

“మరి నాది?”

“మీది ముప్పై రెండు మిల్లీమీటర్ల దోషం. నాదీ ఇరవై ఒకటి దోషమే. దాచుకోవడం లేదు.”

మర్నాటికి అందరి పాదాలూ ప్రామాణిక పాదంతో సరిచూసి, అందరికీ దోషపత్రాలు ఇచ్చారు. నాది రెండు వందల ముప్పై ఒకటి. ఎక్కువ కొలత కన్నా తక్కువ కొలత మా శాఖలో పెద్ద నేరం. అందువల్ల నాకొక్కదానికే మెమో వచ్చింది. తొమ్మిది మిల్లీమీటర్ల లోపానికి కారణాలు మూడు రోజుల్లో తెలపమన్నారు. పుట్టినప్పటి నుంచి అంతేనని రాసి ఇచ్చాను. “పాత అలవాటు” అని దాని మీద రాసి ఫైలు చేశారు.

ఒకే సైజు పదకొండు జతలు కొంటున్నామని అంగడి యజమాని ధర బాగా తగ్గించాడు. తగ్గించడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ సైజులో అతని దగ్గర పదకొండు జతలున్నది గులాబీ రంగు చారల ఆడవాళ్ల బూట్లే. సుఖం ప్రమాణంతో సరిచూశాం, ధర సరసమే. రంగు గురించి సర్క్యులరులో ఒక్క ముక్కా లేదు. పరాంకుశం గారు ప్రతి జతకూ గుండీ బిగించి, స్వయంగా సీలు వేశారు.

అప్పుడు యాత్ర జాబితా నా బల్ల మీదికి వచ్చింది. పన్నెండో పేరు ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. పక్కన పరాంకుశం గారి చేతిరాత. “జిల్లా ప్రమాణము హెడ్‌క్వార్టర్సు విడిచి పోరాదు.”

నేను జాబితా తీసుకుని ప్రమాణాల గదిలోకి వెళ్లాను. ఓబులమ్మ చదువుకోలేదు గాని, తన పేరు గుర్తుపడుతుంది. దాని మీద గీత కూడా గుర్తుపట్టింది.

“నా కాళ్లు మాత్రమే కదా పాపా పోగూడనిది? మిగతాది పోవచ్చునేమో అడుగు.”

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. చీలమండ దగ్గరి సీలును మఖమలు మీద అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

“పోనీలే. మల్లా నాలుగేండ్లకు పోతారు కదా. నువ్వు చూసొచ్చి చెప్పు, తంగేడు మాదిరా ఏమనేది.”

నాలుగేళ్లకు ఆమె ఈ కార్యాలయంలో ఉండదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను ఎవరితోనూ వాదించలేదు. వాదించడం నాకు రాదు. పాత ఫైళ్లు మాత్రం నాకు బాగా తెలుసు. మారుమూల మండలాల్లో తూకపు రాళ్లు సరిచూడటానికి క్యాంపులు పెట్టినప్పుడు, ప్రామాణిక రాళ్లను పెట్టెతో సహా జీపులో తీసుకెళ్లేవారు. దానికి అనుమతి ఉంది, ఫారం ఉంది. ఆ సాయంత్రం ఒక నోటు రాసి పరాంకుశం గారి బల్ల మీద పెట్టాను.

“విహారస్థలమునందు బూట్లు అరుగుట, సాగుట సంభవించును. అట్టి బూట్లను అక్కడికక్కడే సరిచూడవలసి యుండును. ప్రమాణము లేనిదే సరిచూచుట సాధ్యము కాదు. కావున విహారమును తనిఖీ క్యాంపుగా పరిగణించి, ప్రామాణిక పాదమును పెట్టెతో సహా వెంట తీసుకుపోవుటకు ఉత్తర్వులు కోరడమైనది.”

ఆయన రెండుసార్లు చదివారు. “ఇంత స్పష్టంగా ఆలోచించేవాళ్లు ఈ కార్యాలయంలో ఉన్నారని నాకు తెలియదు,” అన్నారు. నాకు మాత్రం అందులో ఆలోచన కనిపించలేదు. అంతా పాత ఫైల్లోదే, రాళ్లు తీసి పాదాలు పెట్టాను.

బస్సులో అందరూ ముందు కూర్చున్నారు. ప్రమాణం మాత్రం ఎవరి కాలూ తగలనిచోట, చదునైన నేల మీద ఉండాలి. అలాంటి చోటు వెనక మూల ఒక్కటే. ఓబులమ్మను అక్కడ కూర్చోబెట్టి, పాదాలు పెట్టెలో పెట్టి, పెట్టెను సీటుకు తాడుతో కట్టారు. ఆ పక్కన కిటికీకి అడ్డంగా బూట్ల అట్టపెట్టెలు పేర్చారు.

ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే రెండు వైపులా ఆకుపచ్చగా తోటలు మొదలయ్యాయి. నేను వెనక్కి వెళ్లాను.

“కనపడిందా పెద్దమ్మా?”

“అట్టపెట్టె కనపడింది పాపా.”

తోట పక్కనే బస్సు ఆగింది. తోటల మధ్య ఎర్రటి కాలిబాట ఒకటి, కిందికి దిగి, మలుపు తిరిగి, ఆకు తూకం వేసే రేకుల షెడ్డు దాకా పోయింది. అందరూ గులాబీ చారల బూట్లు తీసుకుని కాళ్లు దూర్చడం మొదలుపెట్టారు. దూరినంత దూరాయి. దూరనివాళ్లు మడమ తొక్కి నిలబడ్డారు. తొమ్మిది మిల్లీమీటర్ల లోపం వల్ల నా బూటు వదులైంది. రెండు అడుగులకొకసారి అది నన్ను వదిలి వెనకే ఉండిపోయింది.

ఖాదర్‌వలీ గారు ముప్పై ఏడు అడుగులు వేసి, “యా అల్లా,” అని రాతి మీద కూర్చున్నారు. పరాంకుశం గారు పళ్లు బిగబట్టి రెండు వందల పన్నెండు అడుగులు నడిచారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన్ను ఇద్దరు పట్టుకున్నారు.

“బూటులో దోషం లేదు,” అన్నారు ఆయన, బూటు విప్పించుకుంటూ. “అది ప్రమాణానికి సరిగ్గా ఉంది. దోషమంతా మనలోనే ఉంది.”

“ఉంది సార్. కాని రెండు వేలు ఎట్లా సార్? గుండీకి సీలుంది.”

“సీలు ముట్టుకోవడానికి వీల్లేదు. అబద్ధపు లెక్క రాయడానికి అంతకన్నా వీల్లేదు. సంజాయిషీ ఇచ్చుకుందాం.”

మా కార్యాలయం పుట్టిన తర్వాత సంజాయిషీ అడగడమే గాని ఇచ్చిన వాడుక లేదు. అందరూ వాచిన కాళ్ల వంక చూసుకున్నారు. ఖాదర్‌వలీ గారు బస్సు వైపు చూశారు.

“సార్, చిన్న మనవి. సర్క్యులరులో జత రెండు వేల అడుగులు నడవల్లన్నారు. ఎవరి కాళ్లతో అనేది రాయలేదు. ఈ బూట్లు ఏ కాలికి కొలిచినామో ఆ కాలు బస్సులో ఊరికే కూర్చోనుంది కదా సార్.”

పరాంకుశం గారు నా వంక చూశారు. నేను సర్క్యులరు తీసి ఆ వాక్యం చదివాను. ఖాదర్‌వలీ గారు చెప్పినట్టే ఉంది.

“తనిఖీ క్యాంపు కాబట్టి, బూటులో ప్రమాణాన్ని ప్రవేశపెట్టి చూడటం తనిఖీయే అవుతుంది,” అన్నారు పరాంకుశం గారు నెమ్మదిగా. “పెట్టె విప్పండి.”

ఓబులమ్మ పరాంకుశం గారి జతతో మొదలుపెట్టింది. మిగతా పది జతలు గోనెసంచిలో వేసుకుని నేను వెంట నడిచాను. షెడ్డు దాకా వెయ్యి అడుగులు, వెనక్కి వెయ్యి. మొదటి మలుపు దగ్గర ఆమె ఆగి, పొద ముందు గొంతుకూర్చుంది.

“ఇదేనా?”

“ఇదే పెద్దమ్మా.”

వేళ్లతో ఆకు నలిపి వాసన చూసింది. మళ్లీ చూసింది.

“వాసనే లేదే. అయితే ఇన్నేండ్లూ ఆ వాసన నా పొయ్యి మీద వచ్చిందే అన్న మాట.”

అలా కొంతసేపు దాని ముందే కూర్చుంది. “తంగేడు కాదు. కలే చెట్టూ కాదు. ఇది వేరే,” అని తీర్పు చెప్పి లేచింది.

రెండో జతతో వెళ్లినప్పుడు ఆకు తెంపే ఒకామెతో కొంత కన్నడంలో, కొంత సైగలతో మాట్లాడింది. నాలుగో జతకు ఆమే ఓబులమ్మ వీపుకు బుట్ట తగిలించి తెంపడం చూపించింది. రెండు ఆకులు, ఒక మొగ్గ. ఆరో జతకు చీకటి పడింది. మర్నాడు పొద్దున ఏడోదానితో మంచులో వెళ్లాం. అప్పుడు మొదటిసారి ఆమె అడిగింది, ఈ పొదలన్నీ నడుము దాకానే ఎందుకున్నాయని. నాకు తెలియకపోతే ఆకు తెంపే ఆమెను అడిగి తెలుసుకుంది.

“వదిలేస్తే మానవుతాదంట పాపా, వేపమానంత. పైన తెంపి తెంపి, కోసి కోసి, అన్నీ ఒకే కొలతకు ఆపుతారంట.”

నడుస్తూ నడుస్తూ కాలి సీలు వంక ఒకసారి చూసుకుంది.

మా వాళ్లు ఆ రెండు రోజులూ తోట పక్కనే ఉన్న గెస్టుహౌసులో వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. ఖాదర్‌వలీ గారు కిటికీలో నుంచి మమ్మల్ని చూసి చెయ్యి ఊపేవారు. పదకొండో జత, అంటే నాది, రెండో రోజు నాలుగు గంటలకు రెండు వేలు పూర్తిచేసింది.

తిరిగి వస్తుంటే బస్టాండు దగ్గర టార్పాలిన్ పట్టా కింద ఒకతను బూట్లు పరుచుకుని అమ్ముతున్నాడు. ఓబులమ్మ గోధుమరంగు గుడ్డ బూట్లు ఒక జత తీసుకుంది. రెండూ తొడుక్కుంది. కరెంటు స్తంభం దాకా నడిచి వచ్చింది. మునివేళ్ల మీద లేచి చూసింది. కిందికి వంగి బొటనవేలి ముందర నొక్కి చూసింది.

“ఇక్కడ వేలెడు చోటుండల్ల. ఉంది. మడమ జారగూడదు. జారలేదు. ఎంతప్పా ఇవి?”

అతను చెప్పాడు. ఆమె అందులో సగం చెప్పింది. మధ్యలో ఎక్కడో కుదిరింది. మొత్తం నా గడియారంలో నాలుగు నిమిషాలు పట్టింది. మా ఉపసంఘం ఏడు సమావేశాలు జరిపింది, మణికట్టు ఒరిపిడితో కలిపి.

ఆరున్నరకు బస్సు. క్యాంపు ముగిశాక ప్రమాణాన్ని మళ్లీ సరిచూసి పెట్టెలో పెట్టాలని ఫారంలో ఉంది. గెస్టుహౌసు వరండాలో కాగితం పరిచారు. ఓబులమ్మ కొత్త బూట్లు విప్పి నిలబడింది. ఖాదర్‌వలీ గారు మోకాళ్ల మీద వంగి ఇత్తడి స్కేలు పెట్టారు. కళ్లు నులుముకుని మళ్లీ పెట్టారు.

“రెండు వందల నలభై ఆరు సార్.”

“సరిగ్గా చూడండి.”

“ఎడమదీ అంతే సార్.”

పరాంకుశం గారు తానే వంగి కొలిచారు. నేను అప్పుడు పక్క కాగితం తీసి, మొదటి రోజు ఓబులమ్మ చెప్పిన మాట చదివాను. సాయంత్రానికి కాలు పొంగుతాది.

“ప్రమాణానికి అనుమతించిన తేడా ఎంతమ్మా?” అని పరాంకుశం గారు అడిగారు.

“ఒక మిల్లీమీటరు సార్.”

ఆయన చాలాసేపు ఆ పాదాల వంక చూశారు. పెద్ద దిగులుగా ఉంది ఆయన ముఖం. నిజాయితీ లేని మనిషైతే ఆరు మిల్లీమీటర్లు మింగేసేవాడు. ఆయన అలా చేయలేరు. జేబులోంచి కత్తెర తీసి చీలమండ దగ్గరి తీగ కత్తిరించారు.

“ప్రమాణం తిరస్కరించడమైనది,” అన్నారు. “పాదాలు ధారకురాలికి వాపసు ఇచ్చి రసీదు తీసుకోండి.”

“అయితే సార్, మా దోషాలు?” అన్నారు ఖాదర్‌వలీ గారు.

“ప్రస్తుతానికి ఎవరికీ దోషం లేదు. కొత్త ప్రమాణం దొరికేదాకా.”

వరండాలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను రసీదు రాశాను. “నాకు చెందిన పాదములు, కుడి ఒకటి, ఎడమ ఒకటి, కార్యాలయము నుండి మంచి స్థితిలో ముట్టినవి.” చదివి వినిపించాను.

“రోంత నొస్తాండాయి,” అంది ఓబులమ్మ. “అది కూడా రాయి పాపా.”

“దానికి కాలమ్ లేదమ్మా,” అన్నారు ఖాదర్‌వలీ గారు.

“పోనీలే సారూ,” అని ఆమె వేలిముద్ర వేసింది. తర్వాత మెట్ల మీద కూర్చుని గోధుమరంగు బూట్లు తొడుక్కుని, తాళ్లు కట్టుకుని లేచింది.

“ఎక్కడికి పెద్దమ్మా? బస్సుకు ఇంకా ముప్పావుగంటే ఉంది.”

“టీ చెట్టు చూసొస్తా పాపా.”

“పదకొండు సార్లు చూశావు కదా.”

“అది డ్యూటీ కదా,” అని ఆమె ఎర్రబాట దిగింది.